పాత అంబాసిడర్, ఫియట్ విడిభాగాలు: కొనే ముందే నకిలీని పట్టుకోవడం ఎలా?

కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో ఉన్న హిందుస్తాన్ మోటార్స్ కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. మనం ఫియట్ అని పిలిచే ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగి చూడండి, ఈ కార్లకు ‘కంపెనీ పెట్టెలో ఉన్న కొత్త సరుకు’ ఇప్పటికీ బయటికి వస్తుంది. అందులో కొంత నిజంగానే ఏదో గోదాములో మిగిలిపోయిన పాత నిల్వ. మిగతాది ఈమధ్యే ఎక్కడో పోతపోసి, పాత పేరు గుద్దిన సరుకు. రెండూ ఒకే అరలో, ఒకే దుమ్ము కప్పుకుని పక్కపక్కనే ఉంటాయి.

నకిలీ చేసేవాడు ఎంత నేర్పరి అయినా ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకోక తప్పదు. లేకపోతే అతనికి మిగిలేదేమీ ఉండదు. ఆ తగ్గింపు కొనేవారి చూపు పడని చోట జరుగుతుంది: వెనకవైపు, థ్రెడ్ల లోపల, యంత్రం తాకని పోత గోడల మీద. ఇక్కడ చెప్పబోయే పరీక్షలన్నీ ఆ చోట్లను వెతకడానికే.

1. ముందు ఏది నకిలీయో తేల్చుకోండి

కొత్తగా తయారైన ప్రతి భాగమూ నకిలీ కాదు. ఒక చిన్న కర్మాగారం తన సొంత పేరు వేసుకుని అంబాసిడర్‌కు బ్రేక్ సిలిండరు చేసి అమ్మితే అది ప్రతిరూపం. నాణ్యత బాగుండవచ్చు, ఉండకపోవచ్చు, కానీ మోసం మాత్రం కాదు. అదే సిలిండరు మీద ఎవరిదో పాత పేరు వేసి, 1970ల నాటి నిల్వ అని చెబితే అది నకిలీ. మోసం ఉన్నది లోహంలో కాదు, దాని గురించి చెప్పే మాటలో.

మూడోది పాత కారు నుంచి విప్పిన అసలు భాగం. దీన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు, అది పొరపాటు. అరిగిన అసలు కార్బ్యురేటరుకు స్పిండిల్ దగ్గర కొత్త బుష్ వేయించడం మెరిసే నకలు కొనడం కంటే చాలాసార్లు చవక, ఎప్పుడూ నమ్మకం.

మరో రకం మోసం తక్కువగా గుర్తిస్తారు: భాగం అసలుదే, కానీ వేరే మోడల్‌ది. దాన్ని పట్టుకోవడానికి భూతద్దం పనికిరాదు, మీ కారు గురించిన జ్ఞానమే కావాలి.

2. బజారుకు వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పని

అంబాసిడర్ అంటే ఒకే కారు కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు మూడో సిరీస్ ఆధారంగా 1950ల చివర మొదలైంది. తొలి బండ్లలో సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది. తర్వాత 1489 సీసీ బి-సిరీస్ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ వచ్చింది. 1960ల తొలినాళ్లలో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాయి. మధ్యలో డీజిల్, 1990లలో ఇసుజు 1800 ఇంజిన్ చేరాయి. గ్రిల్లు మారింది, డాష్‌బోర్డు మారింది, దీపాలు మారాయి. ‘అంబాసిడర్‌ది’ అని అడిగితే దుకాణదారు చేతికందినది ఇస్తాడు, అందులో అతని తప్పు కూడా లేదు.

ఫియట్ వైపూ ఇదే కథ. 1964లో ఫియట్ 1100డీగా మొదలైన కారుకు ‘పద్మిని’ పేరు 1970లలో వచ్చింది. 1968 నాటి కారుకు ‘ఒరిజినల్ పద్మిని అక్షరాలు’ అమ్మజూపే మనిషికి సరుకైనా తెలియదు, లేదా మీకు తెలియదని నమ్మకమైనా ఉంది.

కాబట్టి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, తయారీ సంవత్సరం రాసుకోండి. మీ మోడల్ స్పేర్ పార్ట్స్ లిస్టు, వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించండి. పాత ప్రతులు పుస్తకాల బజార్లలోనూ, సొంతదారుల బృందాల్లోనూ దొరుకుతాయి. భాగం సంఖ్య చూసుకోండి, అయితే సంఖ్య వేరుగా ఉన్నంత మాత్రాన నకిలీ అనకండి. కంపెనీలు పాత సంఖ్యను కొట్టేసి కొత్తది ఇవ్వడం మామూలే, ఆ మార్పు తర్వాతి ఏళ్ల లిస్టులో కనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పని: కారు మీద ఉన్న పాత భాగాన్ని విప్పి కొలవండి. వంటింటి డిజిటల్ తూకం మీద గ్రాముల్లో బరువు చూడండి. ముందూ వెనకా ఫొటోలు తీయండి, వీలైతే దాన్నే వెంట తీసుకెళ్లండి. పక్కన పెట్టి చూసే అసలు ముక్క ఉంటే సగం పని అక్కడే అయిపోతుంది. ఇంజిన్ పనికి వెళ్తుంటే ఈ కొలతలు గుర్తుంచుకోండి: 1489 సీసీ ఇంజిన్‌కు బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. ఫియట్ 1089 సీసీ ఇంజిన్‌కు బోరు 68, స్ట్రోకు 75 మి.మీ.

సంచిలో వేసుకోవాల్సినవి: వెర్నియర్ కాలిపర్, థ్రెడ్ గేజి (అంగుళాలది, మి.మీ.ది రెండూ), పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, చిన్న అయస్కాంతం, టార్చి, మల్టీమీటరు, ఆ వంటింటి తూకం. ఇవన్నీ చూసి చిరాకుపడే దుకాణం నుంచి బయటికి వచ్చేయవచ్చు. పాతకాలం నుంచి ఈ వ్యాపారంలో ఉన్నవారు వీటిని చూస్తే సాధారణంగా కుర్చీ వేస్తారు.

3. పెట్టెను తేదీలతో నిలదీయండి

సరుకు కంటే పెట్టెను తయారు చేయడం సులువు. అచ్చు యంత్రం ఉంటే చాలు. కానీ పెట్టె మీద అక్షరాలు ఎక్కువ, అందుకే అబద్ధం దొరికే చోట్లూ ఎక్కువ.

ఆరంకెల పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు చిరునామాలు ‘మద్రాసు-2’, ‘బొంబాయి-1’ తీరులో ఉండేవి. 1960ల సరుకు అంటూ చూపించిన పెట్టె మీద పిన్‌కోడ్ ఉంటే ఆ పదేళ్లు అమ్మేవాడు కలిపినవే. గరిష్ఠ చిల్లర ధర అచ్చు వేయడం 1990 తర్వాతి పద్ధతి. 890తో మొదలయ్యే బార్‌కోడ్ ఉంటే ఆ పెట్టె 1970లదీ కాదు, 80లదీ కాదు. ఆ సంఖ్యలను మన దేశంలో కేటాయించే సంస్థ 1996లో ఏర్పడింది.

ఊర్ల పేర్లు మరో ఆధారం. బొంబాయి 1995లో ముంబై అయింది, మద్రాసు 1996లో చెన్నై, కలకత్తా 2001లో కోల్‌కతా. పేరు మారాక కూడా పాత పేరుతో పెట్టెలు వచ్చి ఉండవచ్చు, దాన్ని పట్టించుకోకండి. మార్పుకు ముందే కొత్త పేరు కనిపిస్తే మాత్రం ఆ సరుకు పక్కన పెట్టేయండి. కంపెనీల పేర్లకూ ఇదే లెక్క. 1951లో మొదలైన స్పార్క్ ప్లగ్గుల కంపెనీ మైకో 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. కారు ఎలక్ట్రికల్ భాగాలు చేసే లూకాస్-టీవీఎస్ ఏర్పడింది 1961లో. 1950ల సరుకు అని చెబుతూ ఆ జంట పేరు చూపిస్తే నమ్మాల్సిన పనిలేదు. హిందుస్తాన్ మోటార్స్ ‘అంబాసిడర్’ పేరును 2017లో ఫ్రాన్స్‌కు చెందిన పెజో కార్ల కంపెనీ సమూహానికి 80 కోట్ల రూపాయలకు అమ్మేసింది. ‘అంబాసిడర్ జెన్యూన్ పార్ట్స్’ అన్న పెట్టె మీద ఆ తర్వాతి తయారీ తేదీ కనిపిస్తే, ఆ పేరు వాడుకునే హక్కు ఎవరిచ్చారని అడగాల్సిందే.

ఇక అట్ట సంగతి. భూతద్దం కింద ఇంటి ప్రింటరు అచ్చు చిన్న చిన్న రంగు చుక్కలుగా విడిపోతుంది, పాత అచ్చులో ఒక్కో రంగు నిండుగా పరుచుకుని ఉంటుంది. పెట్టెకు కొట్టిన పిన్నులు చూడండి. దశాబ్దాలు గోదాములో ఉన్న పెట్టెలో పిన్ను తుప్పు చుట్టూ అట్టలోకి ఇంకి గోధుమరంగు మచ్చ కడుతుంది. తుప్పు పట్టిన పిన్ను, చుట్టూ శుభ్రమైన అట్ట కనిపిస్తే ఆ పిన్నును ఈమధ్యే కొట్టారు. బరువైన భాగం ఏళ్ల తరబడి ఒకేచోట పడి ఉంటే లోపలి అట్ట మీద దాని ఆకారం ముద్రపడుతుంది, నూనె కాగితం మరక కూడా ఆ ఆకారంలోనే ఉంటుంది. ముద్ర ఒక ఆకారంలో, లోపలి సరుకు మరో ఆకారంలో ఉంటే పెట్టె నిజమైనది, సరుకు కాదు. ఖాళీ పాత పెట్టెలకూ బజారులో గిరాకీ ఉందని మరవకండి.

అందుకే పెట్టె తప్పుగా ఉంటే సరుకును అనుమానించండి. పెట్టె సరిగ్గా ఉంటే సరుకు చూడటం మొదలుపెట్టండి, అంతే.

4. పోతను చదవడం

నా దృష్టిలో అన్నిటికంటే గట్టి పరీక్ష ఇదే, విచిత్రంగా అతి తక్కువ మంది చేసేదీ ఇదే.

అసలు తయారీదారు మూస చేసేటప్పుడే, కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుందని లెక్క వేసుకుని మూసను కొంచెం పెద్దదిగా చేస్తాడు. పోత ఇనుము సుమారు 1 శాతం కుంచించుకుపోతుంది, అల్యూమినియం సుమారు 1.3 శాతం. నకిలీ చేసేవాడి దగ్గర ఆ మూస ఉండదు. కొత్తగా చేయించాలంటే డబ్బు, నైపుణ్యం కావాలి. అతను చేసేది, ఒక అసలు భాగాన్ని ఇసుకలో అద్ది దాన్నే మూసగా వాడటం. అప్పుడు నకలు అన్ని వైపులా ఒక శాతం చిన్నదవుతుంది. 200 మి.మీ. పొడవున్న మానిఫోల్డు నకలు 198 దగ్గర ఆగుతుంది.

బోల్టు రంధ్రాలను అతను సరైన దూరంలోనే తొలుస్తాడు, లేకపోతే ఇంజిన్‌కు బిగియదు. కాబట్టి రంధ్రాల మధ్య దూరం కొలిచి తృప్తిపడకండి. రంధ్రం నుంచి బయటి అంచుకు ఎంత ఉందో కొలవండి, యంత్రం తాకని పక్కటెముకల ఎత్తు కొలవండి, చివరి నుంచి చివరికి పొడవు కొలవండి. కంటితోనే పట్టుకోగల గుర్తు ఒకటుంది: ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ గుండ్రటి ఉబ్బు ఉంటుంది, అసలు భాగంలో రంధ్రం దాదాపు దాని నడిమధ్యలో ఉంటుంది. కుంచించుకుపోయిన నకలులో చివరి రంధ్రాలు ఉబ్బు మధ్యలో నుంచి బయటి వైపుకు జరిగి ఉంటాయి. ఒక పక్క గోడ మందంగా, ఇంకో పక్క పల్చగా కనిపిస్తుంది. రెండు చివర్లలోనూ ఇలాగే ఉంటే ఇక ఎక్కువ ఆలోచించనక్కర్లేదు.

పోతలో వచ్చే ఉబ్బెత్తు అక్షరాలు కూడా చూడండి. నకలులో మూలలు మొద్దుబారి ఉంటాయి, అక్షరం లోపలి చిన్న ఖాళీలు పూడుకుపోయి ఉంటాయి. మూసగా వాడిన ముక్క మీద ఉన్న అరుగుదల, దెబ్బ గుర్తు కూడా నకలులోకి వస్తుంది. ఒకే దుకాణంలో రెండు ముక్కలు చూపించమనండి. రెండింటి మీదా ఒకేచోట ఒకే గాటు ఉంటే రెండూ ఒకే ముక్క నకళ్లు. తయారీదారు పేరు ఉండాల్సిన చోట చదునుగా గ్రైండరు గీతలుంటే వేరే పేరు చెరిపేశారని అర్థం.

సుత్తితో గుద్దిన అంకెలు, లేజర్‌తో రాసిన అంకెలు వేరు. పంచితో గుద్దినప్పుడు అక్షరం చుట్టూ లోహం సన్నని కట్టలా పైకి లేస్తుంది, ఆ కట్ట మీద వేలు తగులుతుంది. లేజర్ రాతలో కట్ట ఉండదు, అంచులు కొంచెం కాలినట్టు నల్లగా ఉంటాయి. 1960ల నాటి భాగం మీద లేజర్ రాత ఉండే అవకాశమే లేదు.

తుప్పును కూడా తయారు చేస్తారు. ఉప్పునీరో, ఆమ్లమో చల్లి ఎండబెట్టిన తుప్పు ఒకే నారింజ రంగులో, ఒకే మందంలో, పైపైన ఉంటుంది. కాలం పట్టించిన తుప్పు ముదురు గోధుమ రంగులో పొరలు పొరలుగా, తేమ నిలిచే మూలల్లో ఎక్కువగా, చేతులు తగిలే చోట తక్కువగా ఉంటుంది. వాడిన భాగం అంటారు, మొత్తం తుప్పు, కానీ స్క్రూ గాడిలో కొత్త లోహం మెరుస్తుంది. గాడిలో చూడటం మరవకండి.

5. లోహం, బరువు, థ్రెడ్డు

అయస్కాంతం అబద్ధమాడదు, కానీ అన్ని ప్రశ్నలకూ జవాబివ్వదు. ఇత్తడి, అల్యూమినియం, జింకు పోత వస్తువులను అది అంటుకోదు, ఉక్కును అంటుకుంటుంది. ఇత్తడి ఉండాల్సిన చోట పూత పూసిన ఉక్కు ఉంటే వెంటనే తెలుస్తుంది. నల్ల రంగు వేసిన అల్యూమినియం రేడియేటరును రాగి-ఇత్తడి రేడియేటరని అమ్మితే మాత్రం అయస్కాంతం ఏమీ చెప్పదు. అక్కడ బరువు, టంకం అతుకులు చెబుతాయి. రాగి-ఇత్తడిది చేతికి బరువుగా ఉంటుంది, అతుకుల దగ్గర టంకం కనిపిస్తుంది. తూకంలో మీ పాత భాగానికీ దీనికీ పదో వంతు తేడా ఉంటే కారణం అడగండి.

థ్రెడ్ల దగ్గర చాలామంది మోసపోతారు, కొన్నిసార్లు అమ్మేవారు కూడా. అంబాసిడర్ బి-సిరీస్ ఇంజిన్‌లో ఎక్కువగా అంగుళాల లెక్కలో ఉండే యూఎన్ఎఫ్ థ్రెడ్లుంటాయి. ఫియట్‌లో మి.మీ. థ్రెడ్లు. 5/16 అంగుళం యూఎన్ఎఫ్ బోల్టు మందం 7.94 మి.మీ., ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య 1.058 మి.మీ. దానికి దగ్గరగా ఉండే 8 మి.మీ. సన్న థ్రెడ్డు బోల్టుకు ఆ దూరం 1 మి.మీ. ఈ తేడా కంటికి ఆనదు. రెండు మూడు చుట్లు హాయిగా తిరుగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. ‘కొత్త కదా, కొంచెం టైటుగా ఉంటుంది’ అని స్పానర్ వేసి లాగితే పోయేది మీ ఇంజిన్‌లోని థ్రెడ్డు. థ్రెడ్ గేజి పెట్టి చూస్తే క్షణంలో తేలిపోతుంది. అంబాసిడర్ బి-సిరీస్‌కు పాత నిల్వ అని చెప్పే భాగంలో మి.మీ. థ్రెడ్లు కనిపిస్తే అనుమానించండి. ఇసుజు ఇంజిన్ బండ్లకు ఈ మాట వర్తించదు.

ఇంజిన్ బేరింగ్ షెల్స్ కొనేటప్పుడు వాటి మీద గుద్దిన సైజును నమ్ముకోకండి. అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటారు, 10 థౌ అంటే 0.254 మి.మీ. 10 థౌ అండర్‌సైజు (అరిగిన షాఫ్టును అంత మేర సన్నగా సానపట్టాక వేసే) షెల్ గోడ స్టాండర్డ్ షెల్ కంటే 0.127 మి.మీ. మందంగా ఉండాలి, ఎందుకంటే ఆ తేడా రెండు వైపులా పంచుకుంటుంది. మైక్రోమీటరుతో మధ్యలో కొలిస్తే నిజం తెలుస్తుంది. అమ్ముడుపోని సైజు మీద గిరాకీ ఉన్న సైజు గుద్ది అమ్మడం చాలా పాత విద్య.

6. ఒక్కో భాగం దగ్గర ఏం చూడాలి

*ఇగ్నిషన్.* పాత కార్లు నడిపేవారిని రోడ్డు మీద ఎక్కువగా నిలబెట్టేవి నాసిరకం రోటరు (స్పార్కును ప్లగ్గులకు పంచుతూ తిరిగే ముక్క), కండెన్సరు. రోటరు మీది ఇత్తడి ముక్కను రివెట్‌తో బిగిస్తారు. ఆ రివెట్ కింద షాఫ్టుకు మరీ దగ్గరగా వస్తే, ప్లాస్టిక్ నాసిరకమైతే, వేడెక్కాక స్పార్కు అందులోంచి షాఫ్టుకు దూకి ఇంజిన్ ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ స్టార్టవుతుంది, మెకానిక్కు తప్పు దొరకదు. రివెట్ లేకుండా చేసిన కొత్త రోటర్లు సొంత పేరుతో అమ్మేవి దొరుకుతాయి, నా ఓటు వాటికే. కండెన్సరు విలువ సుమారు 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్ ఉండాలి, కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటరు ఉంటే కౌంటరు మీదే చూసుకోవచ్చు. బాలస్ట్ (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే అదనపు నిరోధం) లేని 12 వోల్టుల కాయిల్‌కు ప్రైమరీ నిరోధం 3 ఓములకు కొంచెం అటూఇటూ ఉంటుంది. ఒకటిన్నర చూపిస్తే అది బాలస్ట్ పద్ధతి కాయిల్, మీ పాయింట్లను కాల్చేస్తుంది. లూకాస్ డిస్ట్రిబ్యూటర్లైతే ఒంటి మీద మోడల్, సంఖ్య, వారం-సంవత్సరం గుద్ది ఉంటాయి. ఆ సంవత్సరం, అమ్మేవారు చెప్పే కథ కలవాలి.

*ఎస్‌యూ కార్బ్యురేటరు.* డ్యాంపరు విప్పి, పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదలండి. టక్కుమని లోహం తగిలిన చప్పుడుతో కిందికి దిగాలి. మెత్తగా, మధ్యలో ఆగి దిగితే సూది జెట్‌కు రాసుకుంటోంది, లేదా పిస్టన్, దాని మీది డోము జత కాదు. ఆ రెండింటినీ కర్మాగారంలో జతగా చేస్తారు, రెండు వేర్వేరు కార్బ్యురేటర్ల ముక్కలు కలిపి ‘పూర్తి సెట్టు’ అమ్మడం మామూలు. సూది మొదట్లో అక్షరాలో అంకెలో గుద్ది ఉంటాయి, మాన్యువల్‌తో సరిచూడండి.

*బాల్ బేరింగులు.* బయటి రింగు మీద అక్షరాల కింద సన్నని గీతలు ఒకే దిశలో కనిపిస్తే పాత పేరు రుద్దేసి కొత్త పేరు రాశారు. భూతద్దంలో పాత అంకెల నీడ కొన్నిసార్లు మిగిలే ఉంటుంది. కొత్తగా తయారైన ఎస్‌కెఎఫ్ బేరింగైతే ఆ కంపెనీ ఇచ్చే ఆథెంటికేట్ అనే యాప్‌లో ఫొటోలు పంపి సరిచూసుకోవచ్చు.

*బ్రేకులు.* ఇక్కడ పాతకాలపు అసలుతనం మీద మోజు పూర్తిగా వదిలేయండి. నిజమైన 1975 నాటి పెట్టె, నిజమైన రబ్బరు వాషర్లు దొరికినా కొనవద్దు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఎవరు చేశారో తెలిసే కొత్త సరుకు, బిల్లుతో, అదే దారి. పాత బ్రేక్ షూలు కొంటే వాటి లైనింగులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ, దుమ్మును గాలితో ఊదవద్దు, గరుకు కాగితంతో రుద్దవద్దు. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రంల విషయంలోనూ ఇంతే. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది. ఇథనాల్‌కు తట్టుకుంటుందని రాతపూర్వకంగా చెప్పే కొత్త సరుకే తీసుకోండి.

*క్రోమ్, బ్యాడ్జీలు.* నకిలీదారులకు అతి ఇష్టమైన సరుకు ఇది, ప్రాణాపాయం లేదు కాబట్టి నేను వీటి గురించి పెద్దగా బెంగపడను, డబ్బు గురించే. తిప్పి వెనక చూడండి. జింకు పోతతో చేసిన పాత అక్షరాలకు బిగించే కాడలు పోతలోనే కలిసి వస్తాయి, నకళ్లకు తర్వాత అతికిస్తారు లేదా జిగురు టేపు ఉంటుంది. పాత జింకు మీద క్రోమ్ కింద నుంచి చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. ఆ పొక్కులు లేని ‘అరవై ఏళ్ల’ హ్యాండిలు మళ్లీ పూత పూసినదైనా కావాలి, కొత్తదైనా కావాలి. బంపరు వెనకవైపు, మడతల లోపల పూత ఎలా ఉందో టార్చితో చూడండి. నికెల్ పొదుపు చేసి పైన పల్చగా క్రోమ్ చూపించిన సరుకు నీలంగా మెరుస్తుంది, ఒక్క వానాకాలానికే అంచుల్లో తుప్పు తొంగిచూస్తుంది.

*మీటర్లు.* పాత స్మిత్స్ స్పీడోమీటర్ల డయల్ కింది భాగంలో చిన్న అంకె ఉంటుంది. కేబుల్ మైలుకో, కిలోమీటరుకో ఎన్ని చుట్లు తిరగాలో అది చెబుతుంది. మళ్లీ అచ్చువేసిన డయల్ మీద ఈ అంకె లేకపోవచ్చు, లేదా మీ గేరుబాక్సుతో కలవకపోవచ్చు. అప్పుడు మీటరు ఎంత అందంగా ఉన్నా వేగం తప్పు చూపిస్తుంది.

7. అమ్మేవారితో మాట్లాడటం

మామూలు కార్ల నకిలీ భాగాలు చవక ధరతో ఆకర్షిస్తాయి. పాత కార్ల నకిలీలు కథతో, ఎక్కువ ధరతో వస్తాయి. ‘మూతపడిన డీలరు గోదాములో దొరికింది’ అన్న కథ విన్నాక ఒకే ఒక ప్రశ్న వేయండి: “అన్నా, నాతో పాటు స్నేహితులకూ కావాలి, ఇంకో పది దొరుకుతాయా?” “ఉన్నవి ఈ మూడే” అంటే కథ నిలబడే వీలుంది. “వారంలో ఎన్ని కావాలంటే అన్ని తెప్పిస్తాను” అంటే అది పాత నిల్వ కాదు, నడుస్తున్న ఉత్పత్తి. ఆ తర్వాత ధర కూడా ఉత్పత్తి ధరే ఇవ్వండి.

హైదరాబాద్ పుత్లీబౌలి, చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కాశ్మీరీ గేట్ వంటి చోట్ల ఒకే వస్తువును రెండు మూడు దుకాణాల్లో చూడండి. చూసే కొద్దీ కన్ను పదునెక్కుతుంది. బ్రిటన్‌లో బంధువులున్నవారికి ఇంకో దారి ఉంది: 1489 సీసీ బి-సిరీస్ ఇంజిన్ అక్కడి ఎంజీఏ 1500 కారులోనూ ఉంది, ఆ కారు కోసం సొంత పేరుతో భాగాలు చేసి కొలతలతో సహా చూపించే దుకాణాలున్నాయి. అన్నీ మన బండికి పట్టవు, సంఖ్యలు కలిస్తేనే తెప్పించుకోండి.

ఫొటోలు చూసి కొనేటప్పుడు భాగం పక్కన ఆ రోజు తేదీ, మీ పేరు రాసిన కాగితం పెట్టి ఫొటో అడగండి. తర్వాత ఈ మూడూ అడగండి: వెనకవైపు, థ్రెడ్ల దగ్గర నుంచి, తూకం మీద అంకె కనిపించేలా. ముందువైపు ఫొటోలు అందరూ పంపుతారు. ఈ మూడూ పంపడానికి సాకులు చెప్పేవారికి డబ్బు పంపకండి. పార్సిల్ వచ్చాక విప్పడాన్ని ఆపకుండా వీడియో తీయండి.

8. బిల్లు, చట్టం

బిల్లులో ‘స్పేర్ పార్టు - 1’ అని రాస్తే అది చిత్తు కాగితం. తయారీదారు పేరు, భాగం సంఖ్య, ‘పాత నిల్వ’ లేదా ‘వాడినది’ లేదా ‘కొత్త ప్రతిరూపం’ అన్న మాట, పట్టకపోతే ఎన్ని రోజుల్లో తిరిగి తీసుకుంటారో రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఆ మాట నోటితో చెప్పడానికి ఎందుకు వెనకాడలేదో ఆలోచించండి.

తప్పుడు ట్రేడ్‌మార్కు వేసినా, అలాంటి సరుకు అమ్మినా 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కొనుగోలుదారుగా మీ ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. బిల్లు, వీడియో, కొలతల ఫొటోలు ఉంటేనే అక్కడ మీ మాట నిలబడుతుంది.

50 ఏళ్లు దాటిన కారును 2021 జులై నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయించాలనుకుంటే ఇంకో జాగ్రత్త కావాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని ఆ నిబంధన చెబుతుంది. ‘ఖాళీ ఛాసిస్ ప్లేటు, మీకు కావాల్సిన నంబరు గుద్ది ఇస్తాం’ అనే దుకాణం కనిపిస్తే ధర కూడా అడగకండి. అది విడిభాగం కాదు, నేరానికి సాక్ష్యం.

కొన్న భాగాన్ని బిగించే ముందు పాతదాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేయకండి. కొత్తది వేసి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కే దాకా నడిపి, చల్లార్చి, మళ్లీ నడిపి చూడండి. ఆ తర్వాత కూడా పాతదాన్ని నూనె గుడ్డలో చుట్టి, పేరు రాసి అటక మీద పెట్టండి. మరోసారి బజారుకు వెళ్లినప్పుడు పక్కన పెట్టి కొలిచి చూసుకోవడానికి మీ దగ్గర అదే ఉంటుంది.